పాల పుస్తకంలో లేని రోజు

పోయిన వారం మనం జువైనాను ఖాజీగారి అరుగు మీద, నోట మాట రాకుండా కూర్చోబెట్టి వచ్చేశాం. పాపం, ఆవిడ ఏడు రోజులుగా అక్కడే ఉంది. కథ మధ్యలో అందుకున్నవారి కోసం నాలుగు ముక్కలు చెప్పి ఆవిణ్ణి లేపుదాం.

ఇరవై రెండేళ్ళ కిందట, సుల్తాన్ నబ్హాన్ గద్దెనెక్కిన రెండో వేసవిలో, వాదీ హుజైర్ లోయలో కలరా వచ్చింది. తల్లులు పోయారు. పాలు తాగే పసివాళ్ళు పదకొండుమంది మిగిలారు. సుల్తాన్ కట్టించిన మొట్టమొదటి ఆసుపత్రి అప్పటికి నాలుగే గదులు. పరాయి దేశపు డాక్టరు బాలింతల్ని పిలిచి, అందరి పాలూ ఒక గిన్నెలో పోయించి పిల్లలకి పట్టిద్దామన్నాడు. లోయలోని ముసలమ్మలు గుమ్మానికి అడ్డంగా కూర్చున్నారు. ఒక తల్లి పాలు తాగినవాళ్ళు ఆ తల్లి పిల్లలకి తోబుట్టువులు. వాళ్ళ మధ్య పెళ్ళి కూడదు. అందరి పాలూ కలిపేస్తే రేపు ఈ లోయలో ఎవరికి ఎవర్నిచ్చి చేస్తామని అడిగారు. డాక్టరు నవ్వాడు. సుల్తాన్ నవ్వలేదు. తనే వచ్చి తీర్పు చెప్పాడు: ఏ తల్లి పాలు ఆ తల్లి గిన్నెలోనే, గిన్నె మీద పేరు చీటీ, ఏ రోజు ఎవరి పాలు ఎవరు తాగారో పుస్తకంలో రాత. ఆ రాతపని అదే ఏడాది అక్షరాలు నేర్చుకున్న పదిహేడేళ్ళ జువైనాకి అప్పగించాడు.

అదే పాల పుస్తకం. ఆ పిల్లలు పెళ్ళీడుకొచ్చాక, జువైనా ఆ పుస్తకం తిరగేసి "అడ్డేమీ లేదు" అననిదే లోయలో ఏ సంబంధమూ ముందుకు కదల్లేదు. ఇప్పుడావిడ ఆసుపత్రికి పెద్ద నర్సు. ఆవిడ చేతుల మీద పెరిగిన తమ్ముడు యఖ్జాన్ ఆ పదకొండుమందిలో ఒకడు. అతనికీ మోజా చిన్నకూతురు సురయ్యాకీ ఈ శుక్రవారం పెళ్ళి. మోజా ఆ వేసవిలో పాలిచ్చిన తల్లుల్లో ఒకామె. పుస్తకం ప్రకారం యఖ్జాన్ ఆమె పాలు ఎన్నడూ తాగలేదు.

కానీ ఈ ఏడాది కొత్తగా వచ్చిన కుర్ర ఖాజీ, ముహన్నా, చదివి వినిపిస్తే తృప్తిపడే రకం కాదు. పుస్తకం చేతికిమ్మన్నాడు. తేదీలు వరసగా లెక్కపెట్టాడు. ఒక రోజు లేదు. పుట చింపిన అంచు కుట్టు దగ్గర పళ్ళు బయటపెట్టి కనిపించింది. "ఈ రోజు ఏమైందో శుక్రవారం లోగా చెప్పండమ్మా" అన్నాడు మర్యాదగానే. అదేమిటో తెలిసినవాళ్ళు ఈ భూమ్మీద ఇద్దరే. ఒకరు జువైనా. రెండోవారు ఆ పుట చింపినాయన. ఆయన్ని అడగాలంటే సుల్తాన్ గుడారానికి వెళ్ళాలి.

మంగళవారం పొద్దున్నే జువైనా హందాన్ జీపెక్కింది.

హందాన్ మోజాకి పెద్దల్లుడు. పెద్దకూతురు రహ్మా అతని భార్య. అతనూ ఆ పదకొండుమందిలో ఒకడే. కొండ మీది ఊళ్ళకీ రేవుకీ మధ్య ఖర్జూరాలూ ఎండుచేపలూ మోస్తుంటాడు. జీపన్నా అప్పుడప్పుడు ఆగుతుంది గానీ అతని నోరు ఆగదు.

"సుల్తానుగారిని పెళ్ళికి పిలవడానికే కదా పెద్దమ్మా వెళ్తున్నావు?"

"ఎవరు చెప్పారు నీకు?"

"ఎవరు చెప్పాలి? మా అత్త ఊరంతా చాటింది. సుల్తాన్ వస్తుంటే మేకల్ని కోస్తే ఏం బావుంటుంది, ఒంటెను కోయాలంటోంది. మా మామ ఆ మాట విన్నప్పట్నించీ ఒంటె కంటే దీనంగా చూస్తున్నాడు."

జువైనా నవ్వలేకపోయింది. అతను ఓరగా ఒకసారి చూసి గొంతు తగ్గించాడు.

"కొత్త ఖాజీ ఏదో మెలిక పెట్టాడటగా?"

"మెలికేం లేదు. ఒక రోజు లెక్క అడిగాడు."

"ఆయనకి లెక్కలు తప్ప ఏమొచ్చు? మొన్న నన్నూ ఆపి, నమాజు వేళకి జీపు హారన్ ఎందుకు కొట్టావన్నాడు. మేక అడ్డమొచ్చింది, దానికి నమాజు వేళ తెలీదన్నాను. మా పెళ్ళప్పుడు ఈయన లేకపోవడం మా అదృష్టం. అప్పటికి పాత ఖాజీగారు పోయి రెండేళ్ళు, కొత్తాయన ఇంకా రాలేదు. నువ్వు పుస్తకం తెరిచి, వేలు పెట్టి చూపించి 'అడ్డేమీ లేదు' అన్నావు. అంతే. నీ మాటే తీర్పు."

"రహ్మా ఎలా ఉంది?"

"ఏడో నెల కదా, నిద్ర లేదంటుంది. మా పిల్లేమో దాని కడుపుకి చెవి ఆనించి తమ్ముడితో మాట్లాడుతోంది. రెండేళ్ళు నిండలేదు, అప్పుడే పెత్తనం. అచ్చం మా అత్తే."

జువైనా కిటికీలోంచి బయటికి చూసింది. ఈ రోడ్డు లేనప్పుడు ఒంటె మీద నాలుగు రోజుల ప్రయాణం. కలరా వేసవిలో అమ్మను అలాగే ఒంటె మీద దించారు. ఆసుపత్రి గుమ్మం దాకా వచ్చేసరికి అమ్మ లేదు, ఒళ్ళో రెండు నెలల యఖ్జాన్ ఉన్నాడు. ఈ రోడ్డు ఒక్క ఏడాది ముందు పడి ఉంటే అనుకోని రోజు ఆవిడ జీవితంలో లేదు. అందుకే ఆ రోడ్డు వేసిన మనిషి మీద ఆవిడకి కృతజ్ఞత తప్ప ఇంకోటి కలగడానికి ఇరవై రెండేళ్ళు పట్టింది.

*

ప్రతి చలికాలం సుల్తాన్ కోట వదిలి కొండల కింది రాళ్ళ మైదానంలో గుడారం వేయిస్తాడు. నెల రోజులు అక్కడే ఉంటాడు. ఎవరైనా రావచ్చు, ఏదైనా అడగచ్చు. గద్దెనెక్కిన ఏడు మొదలుపెట్టిన ఆనవాయితీ అది. ఆనాడు దేశం మొత్తానికి ఒకే ఒక తారు రోడ్డు ఉండేది, అదీ కోట నుంచి రేవు దాకా. జనం తన దగ్గరికి రాలేరు గనక తనే జనం దగ్గరికి వస్తానన్నాడు. ఇవాళ అన్ని ఊళ్ళకీ రోడ్లున్నాయి, అయినా గుడారం మానలేదు.

బయట చాపల మీద అర్జీదారులు కూర్చుని ఉన్నారు. జువైనా పక్కనున్న ముసలాయన తనంతట తనే గోడు వెళ్ళబోసుకున్నాడు.

"మా ఊరి రోడ్డు తీసెయ్యమని అడగడానికి వచ్చానమ్మా."

"రోడ్డు తీసెయ్యమనా?"

"రోడ్డు పడ్డాక మా కోడలు వారానికోసారి పుట్టింటికి పోతోంది. ఇదివరకు ఏడాదికోసారి పోయేది. వంట ఎవరు చేస్తారు? నా దవడలు చూడు."

ఇంకో రోజైతే జువైనా ఆయన దవడలు చూసి, పళ్ళు కట్టించుకోమని ఆసుపత్రికి రమ్మనేది. ఇవాళ తల ఊపి ఊరుకుంది. ఇంతలో లోపలినుంచి పిలుపొచ్చింది.

సుల్తాన్ నబ్హాన్ దిండ్లకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. యాభై ఏళ్ళే గానీ అరవై అయిదులా ఉన్నాడు. మెడ దగ్గర చర్మం వదులైంది. దగ్గొస్తే రుమాలు అడ్డం పెట్టుకుని, ఆ రుమాలును చూడకుండానే మడిచేస్తున్నాడు. నర్సు కంటికి ఆ మడత ఒక్కటి చాలు.

"రా జువైనా. పెద్ద నర్సువయ్యాక మమ్మల్ని మర్చిపోయావు."

"మీరు మా ఆసుపత్రికి వచ్చి పడుకుంటే కదా ప్రభూ, నాకు గుర్తొచ్చేది."

"అంత మాటంటావా." ఆయన నవ్వాడు, నవ్వు దగ్గయింది. "కాఫీ ఇవ్వవోయ్ మర్హూన్. ఈవిడకి ఏలకులు తక్కువ, జ్ఞాపకముందా?"

ముసలి మర్హూన్ చిన్న గిన్నెలో కాఫీ పోసి అందించాడు. జువైనా కుడిచేత్తో అందుకుంది. తాగలేదు. ఎదురుగా తివాచీ మీద పెట్టి చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

గుడారంలో మాటలు ఆగిపోయాయి. వచ్చిన మనిషి కాఫీ గిన్నె కింద పెట్టాడంటే పెద్ద కోరిక ఉన్నట్టు లెక్క. ఇంటాయన "ఇచ్చాను" అనేదాకా ఆ గిన్నె ముట్టడు. తాగకుండా లేచిపోతే ఇంటాయన పరువు గంగలో కలిసినట్టే. మగవాళ్ళు కత్తులూ కొట్లాటలూ తీర్చుకోవడానికి అలా పెడతారు. ఒక ఆడమనిషి, అదీ సుల్తాన్ ముందు, గిన్నె కింద పెట్టడం మర్హూన్ తన ముప్పై ఏళ్ళ కొలువులో చూడలేదు. చేతిలో కాఫీ కూజా అలాగే పట్టుకుని నిలబడిపోయాడు.

"అందరూ కాసేపు బయట ఉండండి" అన్నాడు సుల్తాన్. వాళ్ళు వెళ్ళేదాకా ఆగాడు. "అడుగు."

"ఆ కాగితం ఇప్పించండి ప్రభూ."

ఏ కాగితమని ఆయన అడగలేదు. అడుగుతాడేమోనని దారంతా భయపడింది గానీ, అడగకపోయేసరికి ఇంకా భయమేసింది.

"ఎందుకిప్పుడు?"

"శుక్రవారం మా తమ్ముడి పెళ్ళి. మోజా చిన్నకూతురితో."

ఆయన కళ్ళు మూసుకున్నాడు. "మోజా ఇల్లేనా? లోయలో ఇంకెక్కడా పిల్లలు లేరా?"

"వాళ్ళిద్దరూ ఇష్టపడ్డారు. నాకు నలుగురితో పాటే తెలిసింది. అప్పటికే అందరూ పండగ చేసుకుంటున్నారు. అనుమానమే కదా, రుజువు లేదు కదా అని నాకు నేనే చెప్పుకున్నాను. అనుమానంతో ఒకరి పెళ్ళి ఆపకూడదని పాత ఖాజీగారు అనేవారు కూడా. ఇప్పుడు కొత్త ఖాజీ పుట లేదని పట్టుకున్నాడు."

"ఎవరతను? ఎక్కడ చదివాడు?"

"మీరు పెట్టిన బళ్ళోనే."

"అదీ సంగతి." సుల్తాన్ గడ్డం నిమురుకున్నాడు. "అక్షరాలు నేర్పితే నా పేరు మాత్రమే చదువుతారనుకున్నాను కాబోలు."

జువైనాకి ఆ రోజు మళ్ళీ కళ్ళముందుకొచ్చింది. మిట్టమధ్యాహ్నం, గోడలు కూడా కాలుతున్నాయి. మూడు రోజుల జ్వరంతో యఖ్జాన్ ఏడుపు కూడా మానేశాడు. కిటికీ అరుగు మీద తడిగుడ్డ కింద పాలగిన్నెలు రెండున్నాయి, పాలిచ్చే ఇంకో తల్లి షైఖాది ఒకటి, మోజాది ఒకటి. తడిగుడ్డ లాగినప్పుడు చీటీలు రెండూ దాంతోపాటు ఊడివచ్చాయి. కంగారులో ఒక గిన్నె దొర్లి ఒలికిపోయింది. మిగిలింది ఎవరిదో తెలీదు. అడగడానికి వెళ్తే పిల్లాడు ఉండడేమోనని భయం. పట్టేసింది. సాయంత్రం పుస్తకంలో "షైఖా" అని రాసింది. ఆ రోజు తనిఖీకి వచ్చిన ఇరవై ఎనిమిదేళ్ళ సుల్తాన్, ఏదీ నీ రాత చదివి వినిపించమని అడిగితే, రెండో వాక్యానికే ఏడ్చేసి ఉన్నది ఉన్నట్టు చెప్పేసింది. ఆయన పుట చింపి జేబులో పెట్టుకున్నాడు. "ఈ మాట నీ నోటినుంచి బయటికి రాకూడదు" అన్నాడు.

"నాకప్పుడు పదిహేడేళ్ళు ప్రభూ. మీరు నోరు మూసుకోమన్నారు, మూసుకున్నాను."

"ఆ మాట బయటికొస్తే మర్నాడు ఆసుపత్రిలో ఒక్క తల్లి ఉండేది కాదు. పదకొండుమంది పిల్లలు. ఎంతమంది పోయారు ఆ తర్వాత?"

"ఒక్కరు కూడా పోలేదు."

"మరి?"

"మరి ఇరవై రెండేళ్ళుగా, పుస్తకం తెరిచిన ప్రతిసారీ, అన్నీ ఇందులో ఉన్నాయని జనానికి చెబుతున్నాను. నా నోటిమీద నమ్మకంతో పెళ్ళిళ్ళు చేసుకున్నారు. పిల్లలు బతకాలని మీరు నన్ను అబద్ధం ఆడించారు, అది నాకు అర్థమైంది. పిల్లలు బతికాక ఎందుకు ఆపలేదు? ఆ మర్నాడో, ఆ మరుసటేడో ఎందుకు నన్ను పిలవలేదు?"

బయట ఎవరిదో ఒంటె బొబ్బ పెట్టింది.

"తర్వాత రోడ్లు వేయించాను" అన్నాడు సుల్తాన్. "రోడ్లయ్యాక రేవు. రేవయ్యాక బళ్ళు. ఎప్పుడూ ఇంకో పని ఉండేది జువైనా. మంచిపని ముందుంటే పాత తప్పు వెనక్కి జరుగుతుంది. అది పోయిందనుకుంటాం."

ఆయన పక్కనున్న రేకు పెట్టె దగ్గరికి లాక్కున్నాడు. మూత తెరిచి, పైనున్న కాగితాల కట్టలు ఒక్కొక్కటే పక్కన పెట్టాడు. అట్టడుగునుంచి మడతలు పడ్డ పసుపు పుట ఒకటి తీశాడు. "ఎక్కడికి వెళ్ళినా నాతోనే వస్తుంది" అంటూ ఆవిడ చేతిలో పెట్టాడు. "ఇచ్చాను. కాఫీ తాగు."

ఆవిడ గిన్నె ఎత్తి తాగింది. కాఫీ చల్లారి చేదెక్కింది. తాగాక ఇచ్చినదాన్ని కాదనడానికి వీల్లేదు, అది ఎలాంటిదైనా సరే.

ముందువైపు తన రాతే. చీమలు తొక్కినట్టున్న అక్షరాలు, యఖ్జాన్ పేరు, దాని పక్కన షైఖా పేరు. జువైనా పుట వెనక్కి తిప్పింది. వెనక సుల్తాన్ చేతిరాత ఉంది.

"నువ్వు వెళ్ళాక లోపలి వాకిట్లోకి వెళ్ళి తల్లుల్ని అడిగాను" అన్నాడాయన. "ఊరికే అడిగినట్టు, ఏ గిన్నె ఎవరిదమ్మా అని. ఇంటినుంచి తెచ్చుకున్న గిన్నెలే కదా. అంచు నొక్కుకుపోయినది తనదని షైఖా చెప్పింది. ఒలికింది అదే."

అంటే మిగిలింది మోజాది. అనుమానం కాదు, రుజువే. ఇరవై రెండేళ్ళుగా చెప్పులో రాయిలా ఉన్న అనుమానమే నయమనిపించింది జువైనాకి. లోయవాళ్ళ శాస్త్రంలో ఒక్క గుక్క కడుపులోకి దిగినా చాలు. యఖ్జాన్ సురయ్యాకి అన్న.

ఆవిడకి ఏడుపొచ్చింది. ఆపుకోవాలని చూడలేదు. మొన్న పెళ్ళి అంగీ కుట్టించుకుని, చేతులు చాపి, "అక్కా, భుజాలు వదులుగా లేవూ" అని అడిగిన తమ్ముడు గుర్తొచ్చాడు. సుల్తాన్ ఆవిణ్ణి ఏడవనిచ్చాడు.

"ఇంకా నికాహ్ కాలేదు కదా" అన్నాడు మెల్లగా. "కష్టమే. కానీ ఇల్లు కూలలేదు. శుక్రవారం నేనొస్తాను. తప్పు నాదని అందరిముందూ నేనే చెబుతాను. నిన్నెవరూ ఒక్క మాట అనకుండా చూస్తాను. రెండో వాక్యం కూడా చదువు, అందులోని రెండో అబ్బాయికీ చెప్పించాలి."

జువైనా కళ్ళు తుడుచుకుని చదివింది. గిన్నె మోజాది. తాగినవాళ్ళు ఇద్దరు. యఖ్జాన్, హందాన్ బిన్ సులైం. రెండోవాడికి పట్టింది నేను.

రెండుసార్లు చదివింది.

"నీ తమ్ముడికి కళ్ళు తేలేస్తే నువ్వు ఎత్తుకుని డాక్టరు గదికి పరిగెత్తావు" అంటున్నాడు సుల్తాన్. "గిన్నెలో సగం మిగిలింది. పక్క మంచంలో ఒకడు గుక్కపట్టి ఏడుస్తున్నాడు. అప్పుడే లోపలికొచ్చిన నేను ఎత్తుకున్నాను. చెంచాతో పడితే తాగాడు. నాతో వచ్చిన ఫోటోగ్రాఫరు అప్పుడే ఫోటో తీశాడు. నువ్వు చూసే ఉంటావు."

చూడకేం. ఆ ఫోటో చూడనివాళ్ళు ఆ దేశంలో లేరు. ప్రతి ఆసుపత్రి గోడ మీదా ఉంది, మూడో తరగతి వాచకం మొదటి పుటలో ఉంది. నల్లగడ్డపు యువ సుల్తాన్ ఒళ్ళో మొహం కనిపించని పసివాడు, పెదాల దగ్గర చెంచా. కింద "ప్రజల బిడ్డకు చక్కెరనీళ్ళు పడుతున్న ప్రభువు" అని ఎవరో గుమాస్తా రాశాడు. అందరితోపాటు జువైనా కూడా అది చక్కెరనీళ్ళే అనుకుంది. ఆ బిడ్డ మావాడే అని లోయలో పదకొండు ఇళ్ళూ చెప్పుకుంటాయి.

"ఆ హందాన్ ఎక్కడున్నాడిప్పుడు?" అన్నాడు సుల్తాన్. "అతనికీ పెళ్ళీడొచ్చి ఉంటుంది."

"బయట ఉన్నాడు ప్రభూ. నన్ను జీపులో తీసుకొచ్చింది అతనే."

"మంచిదే. అతన్నీ పిలిచి మోజా ఇంటివైపు చూడొద్దని చెప్పేస్తే..."

"అతని పెళ్ళయి మూడేళ్ళయింది." జువైనా పుట మీంచి తలెత్తింది. "మోజా పెద్దకూతురు రహ్మాతో. ఒక కూతురు. ఇంకోటి కడుపులో ఏడో నెల. పుస్తకం చూసి అడ్డేమీ లేదని చెప్పింది నేనే."

రుమాలు కోసం వెతికిన సుల్తాన్ చెయ్యి సగంలో ఆగింది.

"అలా జరగడానికి వీల్లేదు" అన్నాడు. "నేను ఖాజీకి చెప్పాను. ఆ ఇద్దరు పిల్లల్నీ మోజా గడప తొక్కనివ్వొద్దని ఆ ఏడాదే చెవిలో చెప్పి ఒట్టు వేయించుకున్నాను."

"ఆయన పోయి అయిదేళ్ళయింది."

"ఎవరికీ చెప్పలేదా?"

"చెప్పొద్దని మీరే ఒట్టు వేయించుకున్నారు కదా ప్రభూ."

ఆయన రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని వాటినే చూశాడు. "పాలు రాయండి, పన్నులు రాయండి, పుట్టుకలు రాయండి, చావులు రాయండి అని దేశాన్నంతా పట్టి పీడించాను. నోటిమాట నమ్మొద్దు, కాగితం మీద పెట్టండి అని. నా దగ్గరికొచ్చేసరికి కాగితం చింపి, ఒక ముసలాయన చెవిని నమ్మాను."

ఆ క్షణంలో జువైనాకి ఆయన మీద కోపమూ జాలీ కలిసే వచ్చాయి. తన అమ్మను కాపాడలేని రోడ్డు వేసినవాడు, తమ్ముణ్ణి కాపాడిన ఆసుపత్రి కట్టినవాడు, తన చేతికి కలం ఇచ్చినవాడు, ఆ కలంతోనే రహ్మా ఇల్లు కూల్చినవాడు. నలుగురూ ఒక్క మనిషే. ఎవర్ని క్షమించాలో ఎవర్ని నిలదీయాలో విడదీసుకోవడం ఆవిడవల్ల కాలేదు.

సుల్తాన్ తలెత్తాడు. రాజు మళ్ళీ మొహంలోకి వచ్చాడు.

"తెలియక చేసినదానికి పాపం లేదు. వాళ్ళకి పుట్టిన పిల్లలు న్యాయంగా వాళ్ళ పిల్లలే, దానికి తిరుగు లేదు. కానీ తెలిసిన క్షణం నుంచే హందాన్, రహ్మా అన్నాచెల్లెళ్ళు, ఆ కాపురం ఇక చెల్లదు. తెలియజేసేది మనమే గనక, కాస్త ఆలోచించి తెలియజేద్దాం. ఇల్లూ వాకిలీ, ఆ అమ్మాయి పురుడూ, ఆ పిల్లల బాగోగులూ అన్నీ అమర్చి శుక్రవారం చెబుతాను. మూడు రోజులు. అందాకా నోరు మెదపకు."

జువైనా పుట మడిచి కొంగులో కట్టుకుంది. లేచి నిలబడింది.

"పోయినసారీ ఇదే చెప్పారు ప్రభూ."

"ఇది మూడు రోజులే."

"ఇవాళ సాయంత్రం అతను ఇంటికి వెళ్తాడు. రహ్మా అన్నం పెడుతుంది, పక్క వేస్తుంది. వాళ్ళకి తెలీదు గనక వాళ్ళకి పాపం లేదు. నాకు తెలుసు. నాలుగు గంటల దారి అతని పక్కన కూర్చుని, కబుర్లు విని, మా గుమ్మంలో దింపించుకుని, మళ్ళీ రేపు పొద్దున్న రహ్మా మొహం చూడమంటారా? అప్పుడు నేను పిల్లను. ఇప్పుడు కాను."

"జువైనా."

ఆవిడ ఆగలేదు. సుల్తాన్ పిలిచినా ఆగని మొట్టమొదటి మనిషి ఆవిడే అయుంటుంది. గుడారం తెర తొలగించుకుని ఎండలోకి వచ్చింది. మర్హూన్ ఏదో అడగబోయి ఆవిడ మొహం చూసి తప్పుకున్నాడు.

హందాన్ జీపు ముందు నిలబడి, రోడ్డు తీసెయ్యమన్న ముసలాయనకి ఖర్జూరాలు పెడుతున్నాడు. ఆవిణ్ణి చూడగానే ఎగిరి సీట్లో కూర్చుని ఇంజన్ వేశాడు.

"ఏమన్నారు పెద్దమ్మా? వస్తారటనా? ఒంటెకి మూడిందా?"

"ఇంజన్ ఆపు, హందాన్."

"ఏం, ఏమన్నా మర్చిపోయావా?"

"ఆపు నాయనా. ఒక మాట చెప్పాలి."

అతను తాళం తిప్పాడు. ఇంజన్ దగ్గి ఆగింది. జువైనా నోరు తెరిచింది. ఎక్కడినుంచి మొదలుపెట్టాలో తెలియలేదు. గిన్నెల దగ్గర్నుంచా, చీటీల దగ్గర్నుంచా, రహ్మా పేరు దగ్గర్నుంచా. హందాన్ చూపు ఆవిడ భుజం మీదుగా వెనక్కి పోయి అక్కడే నిలిచిపోయింది. చాపల మీదివాళ్ళంతా ఒక్కసారిగా లేచారు.

సుల్తాన్ నబ్హాన్ రాళ్ళ మీద నడిచి వస్తున్నాడు. కాళ్ళకి చెప్పుల్లేవు, చేతిలో కర్ర లేదు. వెంట పరిగెత్తుకొచ్చిన కాపలావాళ్ళని చేత్తోనే ఆపేశాడు. జీపు దగ్గరికొచ్చి ఊపిరి అందుకోవడానికి తలుపు పట్టుకున్నాడు.

"ఆవిణ్ణి చెప్పనివ్వకు" అన్నాడు హందాన్‌తో. "చెప్పాల్సింది నేను."

హందాన్ కిందికి దూకి, పెద్దలకి చేసే మర్యాదగా ఆయన భుజాన్ని ముద్దుపెట్టుకున్నాడు. ఏం చెయ్యాలో తెలీక తలగుడ్డ సర్దుకున్నాడు.

"నువ్వు సులైం కొడుకువి."

"అవును ప్రభూ. హందాన్."

"బాబూ, ఇరవై రెండేళ్ళ కిందట, కలరా వేసవిలో, నీ నోటికి చెంచాతో పాలు పట్టింది నేను."

హందాన్‌కి అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక మొహమంతా వెలిగిపోయింది. సుల్తాన్‌ని చూశాడు, జువైనాని చూశాడు, చాపల మీది జనాన్ని చూశాడు.

"ఆ ఫోటోలో పిల్లాణ్ణి నేనా?" అన్నాడు. "పెద్దమ్మా, విన్నావు కదా, సాక్షివి నువ్వే. యఖ్జాన్ నేనంటే నేనని నాతో ఎన్నిసార్లు కొట్లాడాడో. వాడిక్కూడా అప్పుడే చెప్పొద్దు. ఎవరికీ చెప్పొద్దు. ముందు రహ్మాకి చెప్పాలి నేను."

సుల్తాన్ నోరు తెరిచే ఉంది. మిగతా సగం మాట ఇంకా ఆయన గొంతులోనే ఉంది. హందాన్ ఆయన చెయ్యి రెండు చేతులతో పట్టుకుని, వదలడం మర్చిపోయి, నవ్వుతూ చూస్తున్నాడు.